సిరాచిత్రం, పిల్లల బొమ్మల పుస్తకం: రెండూ ఒక పుటలో ఇమడగలవా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు ఫైన్ ఆర్ట్స్ చదివి, రెండేళ్లుగా చైనా సంప్రదాయ సిరాచిత్రణ నేర్చుకుంటున్నారు. ఒక చైనా జానపద కథకు ఆ పద్ధతిలో పన్నెండు బొమ్మలు వేసి ప్రచురణకర్తకు చూపిస్తే, ‘బొమ్మలు బాగున్నాయి గానీ పిల్లల పుస్తకంలా లేవు’ అన్నారు. ఆ చిత్రకళ, పిల్లల బొమ్మల పుస్తకం అసలు కలుస్తాయా, కలిపినవారు ఎవరైనా ఉన్నారా, ఉంటే ఎలా కలిపారు అని అడిగారు. కాగితం గురించి, అచ్చు గురించి కూడా అడిగారు గనుక వాటి సంగతీ చివర్లో చెబుతాను.

సూటిగా చెప్పాలంటే, కలుస్తాయి. కలిపి పేరు తెచ్చుకున్నవారు ముగ్గురు నలుగురైనా ఉన్నారు. అయితే వాళ్లు ఆ సంప్రదాయం నుంచి వెదురు పొదలనూ, మంచు కప్పిన కొండలనూ, చిత్రకారుడి పేరున్న ఎర్రటి ముద్రనూ తెచ్చుకుని ఊరుకోలేదు. ఏది చూపించాలో, ఏది చూపించకుండా వదిలెయ్యాలో తేల్చుకునే పద్ధతిని తెచ్చుకున్నారు. దాన్ని పుట తిప్పే చేతికి తగ్గట్టు మార్చుకున్నారు. మీ ప్రచురణకర్తకు నచ్చనిది మీ కుంచె అయ్యుండదని నా అనుమానం. మీరు పన్నెండు విడి చిత్రాలు వేశారు. ఆయన అడిగినది ఒక పుస్తకం.

నేను ఇరవై రెండేళ్లుగా పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తున్నాను. మధ్యలో ఏడాదిన్నర చైనాలోని హాంగ్‌జౌలో ఒక వృద్ధ గురువు దగ్గర కుంచె పట్టుకోవడం మొదటి నుంచీ నేర్చుకున్నాను. తిరిగి వచ్చాక చేసిన మొదటి పుస్తకంలో మీరు పడిన గోతిలోనే నేనూ పడ్డాను. ఆ కథ కింద చెబుతాను.

ముందుగా ఒక సందేహం తీర్చుకోవాలి. మీరు ‘చైనా పద్ధతి’ అంటున్నది ఏ పద్ధతి? అక్కడి చిత్రకళలో స్థూలంగా రెండు దారులున్నాయి. గొంగ్‌బి అనే దారిలో సన్నని కుంచెతో రూపురేఖను పూర్తిగా గీసి, లోపల పలుచని రంగును పొరమీద పొరగా నింపుతారు. దీనికి పటిక, జంతువుల జిగురు పట్టించిన కాగితమో పట్టుబట్టో వాడతారు గనుక రంగు పాకదు. షియెయి అనే దారిలో పటిక పట్టించని కాగితం మీద, సిరా పాకే గుణాన్నే ఆధారం చేసుకుని, కొద్ది కుంచె దెబ్బలతో వస్తువు స్వభావాన్ని పట్టుకుంటారు. మీరు నేర్చుకుంటున్నది రెండోదని మీ వర్ణనను బట్టి తెలుస్తోంది. పిల్లల పుస్తకానికి సులువుగా లొంగేది మాత్రం మొదటిదే. రెండోది లొంగదని అనను, కానీ దానికి పుస్తకం ప్రణాళికను పూర్తిగా వేరుగా వేసుకోవాలి.

ఇక్కడే ఇంకొక పొరపాటు మన దగ్గర తరచుగా జరుగుతుంది. 1903లో కలకత్తాకు వచ్చిన జపాన్ చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సోల ప్రభావంతో బెంగాల్ చిత్రకారులు ‘వాష్’ పద్ధతిని రూపొందించుకున్నారు. అదే ప్రమోద్ కుమార్ చటర్జీ ద్వారా బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలకు వచ్చి, అడివి బాపిరాజు వంటివారి చేతిలో తెలుగు చిత్రకళలో భాగమైంది. పాత పత్రికల్లో మంచులో తడిసినట్టు కనబడే ఆ బొమ్మలు చూసి పెరిగినవాళ్లం గనుక, తూర్పు ఆసియా బొమ్మ అనగానే మనకు అదే గుర్తుకొస్తుంది. కానీ వాష్‌లో రంగు వేసిన కాగితాన్ని మళ్లీ మళ్లీ నీటితో తడిపి, ఆరబెట్టి, పైన మరో పొర వేస్తారు. సిరాచిత్రంలో పడిన గీత పడినట్టే ఉంటుంది. దాన్ని కడగడానికి గానీ, తుడవడానికి గానీ వీలుండదు. మీరు పంపిన నమూనాల్లో రెండింటిలో ఆకాశానికి వాష్, మనుషులకు సిరాగీత వాడారు. ఆ రెండూ ఒకదాన్నొకటి చెడగొడుతున్నాయి. ఏదో ఒకటి ఎంచుకోండి.

మీరు ఎవరినైనా ఒక్కరినే చూసి నేర్చుకోవాలంటే చెన్ జియాంగ్ హాంగ్‌ను చూడమంటాను. ఆయన 1963లో చైనాలోని తియాన్‌జిన్‌లో పుట్టారు, చైనాలో చిత్రకళ చదివారు, 1987 నుంచి పారిస్‌లో ఉంటున్నారు. ఫ్రెంచిలో పిల్లల పుస్తకాలు రాసి, వాటికి బొమ్మలు తానే వేస్తారు. తాంగ్ వంశపు కాలంలో, అంటే 8వ శతాబ్దంలో, గుర్రాల బొమ్మలకు పేరుపొందిన హాన్ గాన్ అనే చిత్రకారుడి మీద ఆయన 2004లో ఒక బొమ్మల పుస్తకం చేశారు. దాని జర్మన్ అనువాదానికి 2005లో ఆ దేశపు యువసాహిత్య బహుమతి వచ్చింది. ఆ పుస్తకానికి ఆయన పట్టుబట్ట మీదే నేరుగా చిత్రించారు.

హాన్ గాన్ గీసినదిగా చెప్పే ఒక గుర్రం బొమ్మ ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ‘రాత్రి వెలిగే తెల్లనిది’ అని ఆ గుర్రం పేరు, అది చక్రవర్తి గుర్రం. కాగితం మీద సిరా తప్ప ఆ బొమ్మలో ఇంకేమీ లేదు. గుర్రాన్ని ఒక గుంజకు కట్టేశారు, అది కళ్లు తేలేసి, కాళ్లు లేపి, తాడు తెంచుకోబోతోంది. చుట్టూ నేల లేదు, గడ్డి లేదు, ఆకాశం లేదు. చెన్ కథంతా ఆ గుంజ దగ్గరే మొదలవుతుందని నాకనిపిస్తుంది. ఈ చిత్రకారుడు గుర్రాలను ఎందుకు కట్టేసి గీస్తాడు? వదిలేస్తే కాగితంలోంచి దూకి పారిపోతాయి గనుక! పిల్లవాడికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. పండితులు వందల ఏళ్లుగా ‘ప్రాణం ఉట్టిపడే బొమ్మ’ అని మెచ్చుకున్న గుణం ఆయన చేతిలో ఒక సంఘటనగా మారింది. గుర్రం నిజంగానే బయటికి వచ్చింది, యుద్ధానికి వెళ్లింది, అక్కడి నెత్తురు చూసి కన్నీరు పెట్టింది. సంప్రదాయాన్ని పుస్తకంలోకి తేవడమంటే నా దృష్టిలో ఇదే. పాత బొమ్మను అనుకరిస్తూ కొత్త బొమ్మ వెయ్యడం కంటే, పాత బొమ్మను ఒక ప్రశ్నగా అడిగి దానికి కథతో జవాబు చెప్పడం మేలైన దారి. ఆయన మరో పుస్తకానికి మూలం పారిస్‌లోని సెర్నూష్కి మ్యూజియంలో ఉన్న షాంగ్ కాలపు, అంటే మూడు వేల ఏళ్ల నాటి కంచుపాత్ర. ఆడపులి ఆకారంలో ఉండే ఆ పాత్రలో, పులి తెరిచిన నోటి కింద ఒక మనిషి ఆకారం దాన్ని కరుచుకుని ఉంటుంది. పులి ఆ మనిషిని తింటోందా, కాపాడుతోందా అన్న సందేహమే ఆ పుస్తకానికి కథయింది.

మీరు ఎంచుకున్న కథకు ఇలాంటి ప్రశ్న ఒకటి దొరికిందా? నమూనాల్లో నాకు కనబడలేదు.

ఇక ఖాళీ సంగతి. ‘ఇంత తెల్లగా వదిలేస్తే పిల్లలకు వెలితిగా అనిపించదా’ అని అడిగారు. వెలితిగా అనిపించే ఖాళీ వేరు, ఊహకు పని చెప్పే ఖాళీ వేరు. రెండో రకానికి నేను విద్యార్థులకు ఎప్పుడూ చూపించే ఉదాహరణ చైనా చిత్రకారుడు చీ బైషీ (1864–1957) బొమ్మ. 1951లో రచయిత లావో షె ఆయనకు ఒక పాత కవితలోని పాదాన్ని ఇచ్చి బొమ్మ వెయ్యమన్నారు. పది ‘లీ’ల (ఒక లీ సుమారు అర కిలోమీటరు) దూరం నుంచి కప్పల అరుపు కొండవాగు వెంట వస్తోందని దాని భావం. అరుపును ఎలా గీస్తారు? తొంభై ఏళ్లకు దగ్గరపడిన ఆ వృద్ధుడు ఒక్క కప్పను కూడా గీయలేదు. రెండు రాతిగట్ల నడుమ పారే వాగు గీసి, అందులో ఈదుకుంటూ వచ్చే తోకకప్పలను కొన్నింటిని గీశారు. వాగు ఎగువన ఎక్కడో వాటి తల్లులు అరుస్తున్నాయని చూసేవాడికి దానంతట అదే తెలుస్తుంది.

బొమ్మల పుస్తకంలో మాట, బొమ్మ పని పంచుకునే తీరు సరిగ్గా ఇదే. మాట కప్పల అరుపు గురించి చెప్పింది గనుక బొమ్మ కప్పను చూపించనక్కరలేదు. మీ నమూనాల్లో మూడో బొమ్మ చూడండి. ‘ముసలమ్మ తలుపు తెరిచి చూసింది, బయట ఎవరూ లేరు’ అన్న వాక్యానికి మీరు ముసలమ్మనూ, తలుపునూ, బయటి ఖాళీ వీధినీ, వీధిలో చెట్టునూ, చెట్టు వెనక కొండనూ గీశారు. ఎవరూ లేరన్న మాట ఆ కొండ దగ్గరికి వచ్చేసరికి మాయమైపోయింది. తలుపు, తలుపు పట్టుకున్న చెయ్యి, మిగతా పుటంతా తెల్లకాగితం: అంతే వేసి చూడండి.

ఈ ఖాళీతో వచ్చే చిక్కు ఒకటుంది, దీన్ని ఏ చిత్రకళ పుస్తకంలోనూ రాయరు. మీరు వదిలిన తెల్లని చోటు ఎడిటర్ కంటికి అక్షరాలు పెట్టుకునే చోటుగా కనిపిస్తుంది. మంచు కోసం వదిలిన ఆకాశంలో నాలుగు వరుసల కథ వచ్చి కూర్చుంటుంది. ఇది వాళ్ల తప్పని కూడా అనలేను. చైనా చిత్రాల్లో ఖాళీలో పద్యం రాయడం ఎన్నో వందల ఏళ్లుగా ఉన్నదే. యువాన్ కాలం (13–14 శతాబ్దాలు) నాటికి పద్యం, చేతిరాత, బొమ్మ, ముద్ర కలిసి ఒకే రచనగా స్థిరపడ్డాయి. కానీ ఆ రాత రాసింది ఆ కుంచే, ఆ చెయ్యే. పైగా చైనా అక్షరాలు ఒక్కొక్కటి ఒక గడిలో ఇమిడిపోయి, నిలువు వరుసగా కిందికి దిగగలవు. కొమ్మ పక్కన మరో కొమ్మలా వేలాడగలవు. తెలుగు లిపి అలా దిగదు. మన అక్షరానికి పైన గుడులు, ఏత్వాలు, కింద వత్తులు ఉంటాయి గనుక వరుసకూ వరుసకూ మధ్య ఎడం ఎక్కువ కావాలి; నిలువుగా పేరిస్తే చదవడానికి వీలుకాని మూటలవుతాయి. అందువల్ల తెలుగు పుస్తకంలో రాత ఎప్పుడూ అడ్డంగా, కాస్త బరువుగా ఉండే ముద్దలాగే వస్తుంది. దాన్ని మొదటి చిత్తుబొమ్మలోనే ఒక వస్తువుగా, అంటే ఒక బండలాగో పడవలాగో లెక్కించి, దాని బరువుకు సరితూగేలా మిగతాది అమర్చాలి. నేనిప్పుడు కథ మొత్తాన్ని అచ్చులో రాబోయే సైజులోనే తీయించి, చీటీలుగా కత్తిరించి, చిత్తుబొమ్మ మీద అటూ ఇటూ జరుపుకుంటూ కూర్చుంటాను. బొమ్మ పూర్తయ్యాక ఎడిటర్‌తో వాదించడం కన్నా ఇది తేలిక.

ఇదే సందర్భంలో దిశ గురించి ఒక మాట. చైనా చుట్టచిత్రాన్ని కుడి నుంచి ఎడమకు, ఒక్కోసారి మూర పొడవున విప్పుకుంటూ చూస్తారు. 12వ శతాబ్దపు జాంగ్ జెదువాన్ గీసిన నదీతీర నగర చిత్రం పొడవు అయిదు మీటర్ల పైమాట. అందులో పొలాలు దాటి, వంతెన ఎక్కి, బజారులోకి వెళ్లడానికి చూసేవాడి చేతులు కదులుతూనే ఉండాలి. పుట తిప్పడానికి దీనికన్నా దగ్గరి బంధువు లేదు. మన చేర్యాల పటం ముందు కూర్చున్నవారికీ ఇది అర్థమవుతుంది; కథకుడు పటాన్ని విప్పుతూ పోతుంటే కథ అంతవరకే తెలుస్తుంది. కానీ తెలుగు పుస్తకం ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. చైనా నమూనాలను చూసి గీసేటప్పుడు మనకు తెలియకుండానే పాత్రలన్నీ ఎడమకు, అంటే కథ వచ్చిన దారికి తిరిగి నడుస్తుంటాయి. మీ కథానాయకుడు పన్నెండు బొమ్మల్లో ఎనిమిదింటిలో వెనక్కే వెళుతున్నాడు. ఇంటికి తిరిగొచ్చే ఘట్టానికి మాత్రం ఆ దిశ ఉంచుకోండి.

ఇప్పుడు నేను పడిన గొయ్యి. హాంగ్‌జౌ నుంచి వచ్చిన ఉత్సాహంలో, గేదెలు కాసే ఒక కుర్రవాడి కథకు పూర్తిగా షియెయి పద్ధతిలో బొమ్మలు వేశాను. ఒక్కో బొమ్మను పదిహేను సార్లు వేసి, వాటిలో ప్రాణం ఉన్నదాన్ని ఎంచుకున్నాను. విడిగా చూస్తే వాటిలో నాలుగైదు నా జీవితంలో నేను వేసిన మంచి బొమ్మలని ఇప్పటికీ అనుకుంటాను. డమ్మీ పుస్తకం కుట్టి మా చెల్లెలి కూతురికి, అప్పటికి ఏడేళ్ల పిల్లకు, చదివి వినిపించాను. నాలుగో పుట తిప్పగానే ఆ పిల్ల ‘మామయ్యా, ఇప్పుడు వచ్చిన అబ్బాయి ఎవరు?’ అని అడిగింది. ఏడో పుటలో మరో అబ్బాయి వచ్చాడు. ఆ పిల్ల లెక్కన పుస్తకంలో మొత్తం అయిదుగురు గేదెల కాపరులున్నారు.

కారణం తేలికే. సిరా ఎంత పాకుతుందో ఆ రోజు గాలిలో తేమను బట్టి, కుంచెలో నీటిని బట్టి, చేతి వేగాన్ని బట్టి ఉంటుంది. ఒకే తలను ముప్పైసార్లు ఒకేలా గీయడానికి ఆ పద్ధతి పుట్టలేదు. గోడకు వేలాడే చిత్రంలో బాటసారి ఎవరైనా ఒకటే. ముప్పై రెండు పుటల పుస్తకంలో మాత్రం పిల్లవాడు తన స్నేహితుణ్ణి ప్రతి పుటలోనూ క్షణంలో గుర్తుపట్టాలి. పుస్తకంలా లేదన్న మాటకు మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

దీనికి నేను కనిపెట్టుకున్న ఉపాయాలు కొన్ని ఉన్నాయి. పాత్రను ముఖంతో కాక నీడరూపంతో గుర్తుపట్టేలా చెయ్యండి. దూరం నుంచి నల్లటి మచ్చగా చూసినా ఫలానా వాడని తెలియాలి. పెద్ద టోపీ, వంగిన వీపు, ఒంటి జడ, ఏదైనా సరే. ఫెంగ్ జికాయ్ (1898–1975) కుంచెతో గీసిన పిల్లల బొమ్మల్లో చాలావాటికి కళ్లూ ముక్కూ ఉండవు. అయినా ఆ పిల్ల అలిగిందో మురిసిపోతోందో ఒంటి వంపులోనే తెలిసిపోతుంది. ఆయన పెద్దకూతురు చిన్నప్పుడు తన జోళ్లూ, ఇంకెవరివో జోళ్లూ తెచ్చి నాలుగు కాళ్ల పీటకు తొడిగిన బొమ్మ ఒకటుంది. అందులో ఉన్నవి కొద్దిపాటి గీతలే. తండ్రి ఆ పిల్ల పనిని పక్కన నిలబడి గమనించాడు గనుక ఆ గీతలు సరిపోయాయి. పిల్లల పుస్తకానికి సిరాగీత పనికిరాదనేవారికి నేను ఆ బొమ్మ చూపిస్తాను.

ఇంకొకటి, మనుషులను గట్టి కాగితం మీద గొంగ్‌బి గీతతోనూ, ప్రకృతిని పాకే కాగితం మీద షియెయితోనూ వేరువేరుగా వేసి, స్కాన్ చేశాక కలపవచ్చు. దీన్ని మోసమనేవారున్నారు. నేను అనను. 1960లో షాంఘై యానిమేషన్ స్టూడియోలో తె వెయ్ బృందం చీ బైషీ రొయ్యలనూ తోకకప్పలనూ ఆధారం చేసుకుని సిరాచిత్రాన్ని తెరమీద కదిలించినప్పుడు, ఒక్కొక్క జీవికీ సిరాలోని వేరువేరు ఛాయలను విడివిడి పలకల మీద వేసి, పలుమార్లు ఫొటో తీసి కలిపారు. తడిసి పాకినట్టు కనిపించేదంతా లెక్క ప్రకారం పొరలుగా కట్టినదే. అంత శ్రమ లేకుండా అదే పని ఇప్పుడు మనం ఇంట్లో కంప్యూటర్ మీద చేసుకోగలం. ఒక్క జాగ్రత్త: కలిపాక మనిషి కాలు నేలకు ఆనే చోట ఒక చెరగని గీతో, గడ్డిపోచో రెండు పొరల మీదుగా చేత్తోనే వెయ్యాలి. లేకపోతే మనుషులు కత్తిరించి అంటించినట్టు తేలిపోతారు.

పిల్లలకు రంగులు కావాలి కదా అన్నది మీ మరో సందేహం. నలుపు, బూడిదరంగు పిల్లలకు నచ్చవన్న మాటను పెద్దలు చెప్పగా విన్నానే తప్ప పిల్లలు చెప్పగా వినలేదు. చైనాలోని చాంగ్‌షాలో 1946లో పుట్టి, పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పిన చాయ్ గావ్, నక్కదయ్యం నుంచి తల్లిని కాపాడుకునే పిల్లవాడి పాత కథకు వేసిన బొమ్మల్లో నలుపు పుటలకు పుటలే పరుచుకుని ఉంటుంది. ఆ నలుపులో ఎరుపు మండుతుంది. ఆ బొమ్మలకు 1993లో బ్రాటిస్లావాలో జరిగే పిల్లల పుస్తకాల బొమ్మల ద్వైవార్షిక ప్రదర్శనలో బంగారు ఆపిల్ బహుమతి వచ్చింది. పిల్లల సాహిత్యానికి ఇచ్చే అంతర్జాతీయ బహుమతి అయిన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ బహుమతి 2024 తుది జాబితాలోనూ ఆమె ఉన్నారు. ఆమె తెచ్చుకున్న రంగులు పండితుల సిరాచిత్రాల కన్నా పల్లె జానపద కళకు దగ్గర. ఇది ముఖ్యమైన సంగతి. సంప్రదాయ చైనా చిత్రకళ అంటే కొండల్లో ఒంటరిగా కూర్చున్న కవి ఒక్కడే కాదు. కొత్త సంవత్సరానికి తలుపులకు అంటించే ముద్రబొమ్మలున్నాయి, సోంగ్ కాలపు (10–13 శతాబ్దాలు) సు హాన్‌చెన్ వంటి ఆస్థాన చిత్రకారులు గీసిన ఆటల పిల్లలున్నారు, 1210లో లీ సోంగ్ గీసిన కావడివర్తకుడు ఉన్నాడు. ఆ వర్తకుడి కావడి నిండా వందల కొద్దీ ఆటవస్తువులు, వాటి మీదికి ఎగబడే పిల్లలు. చిన్న విసనకర్రంత బొమ్మలో ఇంత సందడి ఉంది. మీ కథ సంత చుట్టూ తిరుగుతుంది గనుక, మీరు తిరగేసే కొండల చిత్రాల పుస్తకం మూసేసి, కొన్నాళ్లు ఈ బొమ్మలను చూడమని నా సలహా.

సామగ్రి గురించి క్లుప్తంగా. షువాన్ కాగితం అన్హుయీ రాష్ట్రంలోని జింగ్ జిల్లాలో, నీలిచందనంగా పిలిచే చెట్టు నారనూ వరిగడ్డినీ కలిపి చేస్తారు. మన దగ్గర ‘రైస్ పేపర్’ అని అమ్మేవాటిలో చాలావరకు అది కాదు. కొనేముందు మూల మీద నీటిచుక్క వేసి చూడండి, వెంటనే సమంగా పాకితే పచ్చి కాగితం, చుక్కగా నిలబడితే పటిక పట్టించినది. మేక వెంట్రుకల కుంచె మెత్తన, నీరు బాగా పట్టుకుంటుంది. చైనావారు తోడేలు కుంచె అని పిలిచేది నిజానికి ఒక రకం ముంగిసలాంటి జంతువు తోక వెంట్రుకలతో చేసేది, గీతకు బిగువుగా ఉంటుంది. పిల్లల పుస్తకానికి రెండూ కలిపి కట్టిన కుంచె ఒక్కటి చాలు. సీసాలో దొరికే సిరా సాధనకు సరే, అసలు బొమ్మకు మాత్రం సిరాకడ్డీని రాతి మీద నూరుకోండి; వెనక కాగితం అంటించేటప్పుడు సీసా సిరా ఊడి పాకే ప్రమాదం ఎక్కువ.

ఆ అంటించడం తప్పనిసరి. పచ్చి కాగితం సిరా తగలగానే ముడతలు పడుతుంది. అలాగే స్కాన్ చేస్తే ప్రతి ముడతకూ ఒక నీడ వస్తుంది. బొమ్మను బోర్లా పరిచి, నీటి తుంపరతో తడిపి, మెత్తని కుంచెతో సాఫు చేసి, పలుచని జిగురు రాసి, వెనక మరో కాగితం అంటించి, పలకకు అంచులు బిగించి ఆరబెట్టాలి. మన మైదా జిగురు పనికొస్తుంది, కానీ ముద్దను నీళ్లలో పిసికి, సాగే పదార్థాన్ని తీసేసి, అడుగున దిగిన గంజిపిండితో ఉడికించండి. బైండింగ్ వాళ్లు పురుగు పట్టకుండా కలిపే మైలుతుత్తం మాత్రం వద్దు. కాగితానికి దాని నీలిఛాయ ఎక్కుతుంది. ఈ పనిని ముందు పాడైన బొమ్మల మీద పదిసార్లు సాధన చేశాకే మంచి బొమ్మ జోలికి వెళ్లండి. నేను రెండు బొమ్మలు చింపుకున్నాక ఈ నియమం పెట్టుకున్నాను.

అచ్చు దగ్గర మీకు ఎదురయ్యే శత్రువు బూడిదరంగు. సిరాలోని ఛాయలను నాలుగు రంగుల అచ్చులో తీస్తే, ప్లేట్లలో ఏ ఒక్కటి కాస్త ఎక్కువైనా బూడిద కాస్తా ఊదాగానో పచ్చగానో మారుతుంది. నా పుస్తకం ఒకదానిలో వాన మేఘాలన్నీ వంకాయరంగులో వచ్చాయి. ప్రెస్సువారు ఎంత సర్దినా ఒక ఫారం (ఒకే షీటు మీద కలిపి అచ్చయ్యే పుటలు) సరిపోతే మరో ఫారం చెడింది. ఖర్చు భరించగలిగితే నలుపుకు తోడు ప్రత్యేకంగా కలిపిన బూడిద సిరాతో మరో ప్లేటు వేయించండి. భరించలేకపోతే బూడిద ఛాయలను వీలైనంత నలుపు ప్లేటు మీదే నిలిపేలా ఫైలు చేసి ఇమ్మని అడగండి. మెరిసే ఆర్ట్ పేపర్ మీద సిరాచిత్రం పింగాణీ పళ్లెంలా కనబడుతుంది, మ్యాప్‌లిథో వంటి మెరుపులేని కాగితం నయం. కాకపోతే దాని మీద మధ్యఛాయలు ముదురుతాయి గనుక ఫైలులోనే వాటిని కొంచెం తేలిక చెయ్యాలి. ఎదురెదురు పుటల నడిమడతలో ఏ ముఖమూ, ఏ కుంచె దెబ్బ మొదలూ పడకుండా చూసుకోవాలని మీకు వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.

చివరిగా కథ విషయంలో ఒక హెచ్చరిక. మీది చైనా జానపద కథ. మీ అయిదో బొమ్మలో ముసలమ్మ కట్టుకున్నది జపాన్ కిమోనో. ఏడో బొమ్మలో గుడి వాకిలి జపాన్ తోరణం. అంగడి బోర్డు మీది అక్షరాలు ఏ భాషవీ కావు, ఊరికే గీతలు. తెలుగు పిల్లవాడికి తేడా తెలియదని మీరనవచ్చు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక తెలుసుకుంటాడు, అప్పుడు మన పుస్తకాన్ని నమ్మడు. మన బోనాలనూ కేరళ ఓణంనూ ఒకే బొమ్మలో కలిపేసిన విదేశీ పుస్తకం చూసినప్పుడు మనకెలా ఉంటుందో ఆలోచించండి. కథ జరిగే కాలం, ప్రాంతం తేల్చుకోండి, ఆ ప్రాంతపు ఇల్లు, పొయ్యి, చెప్పులు ఎలా ఉంటాయో చూసి గీయండి. షియోంగ్ లియాంగ్ అనే చిత్రకారుడు, 2018 ఆండర్సన్ బహుమతి తుది జాబితాకు చేరినవారు, ఊరిని కాపలా కాసే ఒక చిన్న రాతి సింహం మీద పుస్తకం చేశారు. పెద్ద పెద్ద కోటలూ డ్రాగన్లూ ఉన్న దేశంలో ఆయనకు పిల్లికన్నా చిన్నదైన ఊరి సింహం చాలింది. ఎర్ర ముద్ర సంగతి కూడా ఇదే: మీ గురువు మీకు పేరుపెట్టి ముద్ర చెక్కించి ఇచ్చి ఉంటే వేసుకోండి, అలంకారం కోసమైతే వద్దు.

ఇప్పుడు మీరు చేయదగినది నాకు తోచినంతలో ఇది. పన్నెండు బొమ్మలనూ పక్కన పెట్టి, కథను పదహారు ఎదురెదురు పుటలుగా అగ్గిపెట్టె సైజులో, పెన్సిలుతో విభజించండి. వాటిలో మూడింటిని ఎంచుకోండి: పాత్ర మొదటిసారి కనిపించేది, ఎక్కువమంది మనుషులున్నది, ఎవరూ లేనిది. ఆ మూడింటినే పూర్తి సైజులో, అక్షరాల చీటీలతో సహా వేసి, ముందుగా ఇద్దరు ముగ్గురు పిల్లలకు చదివి వినిపించండి. పుట తిప్పాక వాళ్లు ఎవరిని వెతుకుతున్నారో గమనించండి. ఆ తర్వాత ఆ మూడూ, పెన్సిలు విభజనా తీసుకుని అదే ప్రచురణకర్త దగ్గరికి వెళ్లండి. ఈలోగా ఆ మూడో బొమ్మను, తలుపు దగ్గరిదాన్ని, మళ్లీ వేస్తే ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.